సగం నవలతో ఆగిన సినిమా: ‘వుదరింగ్ హైట్స్’ గురించి ఒక సందేహం

ప్రశ్న – సాగరతీరం

మా వీధి గ్రంథాలయంలో నెలకొక నవల చదివి, దాని ఆధారంగా వచ్చిన సినిమాను అందరం కలిసి చూసి మాట్లాడుకునే అలవాటు రెండేళ్లుగా సాగుతోంది. ఈ నెల వంతు ఎమిలీ బ్రాంటే 1847లో ప్రచురించిన ‘వుదరింగ్ హైట్స్’ నవలది. దాదాపు పదిహేను మందిమి నవలను చివరిదాకా చదివి, 1939లో విలియం వైలర్ దర్శకత్వంలో వచ్చిన సినిమా చూడడానికి కూర్చున్నాం. లారెన్స్ ఒలివియే, మెర్ల్ ఒబెరాన్ నటించిన సినిమా ఇది. ఛాయాగ్రహణానికి గ్రెగ్ టోలండ్‌కు ఆస్కార్ వచ్చిందని ముందే చదివి ఉన్నందువల్ల గొప్ప ఆశలతోనే కూర్చున్నాం. ఆ విషయంలో నిరాశ కలగలేదు కూడా.

అయితే నవలలో 34 అధ్యాయాలున్నాయి. కథానాయిక కేథరిన్ 16వ అధ్యాయంలోనే చనిపోతుంది. మిగిలిన సగం ఆమె కూతురిది, ఆమె అన్న కొడుకు హేర్టన్‌ది, ఆమెను ప్రేమించిన హీత్‌క్లిఫ్ కొడుకు లింటన్‌ది. సినిమాలో ఈ ముగ్గురూ అసలు పుట్టనే లేదు. కేథరిన్ మరణంతో కథ దాదాపుగా ముగిసిపోయింది. సినిమా అయిపోయాక మాలో సగం మంది, రెండో తరం కథ నవలకే బరువని, దాన్ని తీసివేయడం వల్ల కథ చిక్కబడిందని అన్నారు. తక్కినవాళ్లు, ఇది నవలను తెరకెక్కించడం కాదని, నవల పేరు మాత్రం వాడుకోవడమని వాదించారు. నాకు రెండు వైపులా న్యాయం ఉన్నట్టు అనిపించి ఎటూ తేల్చుకోలేకపోయాను. పంతొమ్మిదో శతాబ్దపు నవలలు చాలావరకు పెద్దవి కాబట్టి, వాటిని రెండు గంటల్లోకి కుదించేటప్పుడు ఏది వదిలినా ఫరవాలేదు, ఏది వదలకూడదు అని నిర్ణయించుకోవడానికి ఆధారం ఏమైనా ఉందా? వచ్చే నెల ఇదే నవలకు మరో సినిమా చూడాలనుకుంటున్నాం కాబట్టి, ఏది చూడమంటారో కూడా చెప్పగలరు.

సమాధానం – కూర్పుగది

సాగరతీరం గారూ, మీ మిత్రులలో రెండో వర్గం వైపే నేను నిలబడతాను, కాని వారు చెప్పిన కారణానికి కాదు. నవలలో సగం పోయిందన్నది నా దృష్టిలో పెద్ద నేరం కాదు. ఏ సగం పోయిందన్నదే అసలు చిక్కు.

నవల మొదటి భాగంలో హీత్‌క్లిఫ్ దెబ్బలు తింటాడు, రెండో భాగంలో దెబ్బలు కొడతాడు. తనను చిన్నప్పుడు గొడ్డులా చూసిన కేథరిన్ అన్న హిండ్లీ మీద కోపాన్ని హిండ్లీ కొడుకు హేర్టన్ మీద తీర్చుకుంటూ, ఆ పిల్లవాడిని చదువు రాని మొద్దుగా పెంచుతాడు. ఒకప్పుడు తనకు ఏ చదువును నిరాకరించారో దాన్నే ఇప్పుడు తాను మరొకరికి నిరాకరిస్తున్నాడని అతనికి స్పష్టంగా తెలుసు, ఆ తెలివిడిలోనే అతనికి ఆనందం ఉంది. జబ్బుపడిన సొంత కొడుకును ఎరగా వాడి కేథరిన్ కూతురిని ఇంట్లో బంధించి పెళ్లి జరిపిస్తాడు, ఆ కొడుకు చచ్చిపోతున్నా వైద్యుణ్ణి పిలిపించడు. ఇవన్నీ చదివిన పాఠకుడు అతణ్ణి క్షమించలేక, అలాగని పూర్తిగా ద్వేషించలేక ఇరుకున పడతాడు. ఆ ఇరుకే ఈ నవల బలం. సినిమాలో ఈ భాగమంతా లేకపోవడంతో హీత్‌క్లిఫ్ ప్రేమలో ఓడిపోయిన అందగాడిగా మిగిలిపోయాడు. చూసేవారికి అతని మీద జాలి తప్ప మరొకటి కలిగే అవకాశమే లేదు. మొదటి భాగంలోనే ఉన్న చిన్న సంగతి, అంటే పొరుగింటి అమ్మాయి ఇసబెల్లాతో పారిపోయే రాత్రి ఆమె పెంపుడు కుక్కను అతడు ఉరివేయడం, నవల చదివిన ఎవరూ మరచిపోలేరు. ఆ హీత్‌క్లిఫ్‌ను ఒలివియే ముఖంలో వెదికితే దొరకడు.

ఇక ముగింపు సంగతి. నవలలో హీత్‌క్లిఫ్ చనిపోయాక, గొర్రెలు తోలుకుంటూ వస్తున్న ఒక పిల్లవాడు దారిలో ఏడుస్తూ కనిపిస్తాడు. హీత్‌క్లిఫ్, ఒక ఆడమనిషి ఆ కొండ మలుపులో ఉన్నారని, అటు వెళ్లడానికి భయంగా ఉందని చెబుతాడు. ఆ మాటను, కథ చెబుతున్న పనిమనిషి నెల్లీ డీన్ కొట్టిపారేస్తుంది, కాని చీకటి పడ్డాక బయటికి వెళ్లడానికి తనకూ ఇష్టం ఉండదని ఒప్పుకుంటుంది. దయ్యాలు ఉన్నాయో లేవో బ్రాంటే ఎక్కడా చెప్పదు. ఒక పసివాడి ఏడుపులో ఉంచి వదిలేస్తుంది. సినిమా చివరలో ఆ ఇద్దరి ఛాయలు కొండ మీదికి నడిచిపోవడం మన కళ్లతోనే చూస్తాం. వైలర్‌కు ఆ దృశ్యం ఇష్టం లేదు. శవంతో సినిమా ముగియకూడదని నిర్మాత శామ్యూల్ గోల్డ్‌విన్ పట్టుబట్టడంతో, అసలు నటులు లేకుండా వారి బదులు వేరేవారిని వీపు మాత్రమే కనిపించేలా నడిపించి తీశారు. పాఠకుడి అనుమానంగా ఉండవలసినదాన్ని ప్రేక్షకుడికి ఓదార్పుగా మార్చేశారన్నమాట.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. నవలలో హీత్‌క్లిఫ్ లివర్‌పూల్ వీధుల్లో దొరికిన నల్లని ఛాయ గల పిల్లవాడు. పొరుగింటి లింటన్ దొర అతణ్ణి చూసి లస్కరు పిల్లవాడేమో అంటాడు. లస్కర్లంటే ఈస్టిండియా కంపెనీ ఓడల్లో పనిచేసిన నావికులు, ఎక్కువగా మన దేశపువారే. నెల్లీ కూడా అతణ్ణి ఊరడిస్తూ, నీ తల్లి భారతదేశపు రాణి అయి ఉండవచ్చు కదా అంటుంది. సినిమాలో ఆ పాత్రను తెల్లజాతి నటుడు వేశాడు. తెల్లని కేథరిన్ పాత్రను వేసిన మెర్ల్ ఒబెరాన్ బొంబాయిలో పుట్టి, తన భారతీయ మూలాన్ని జీవితాంతం దాచుకుని, టాస్మేనియాలో పుట్టానని చెప్పుకుంటూ బతికిన మనిషి. ఆ సెట్టు మీద ఎవరు ఎవరి వేషం వేస్తున్నారో బ్రాంటే చూసి ఉంటే మరో నవల రాసేదేమో.

సమాధానం – పాతచిత్రాల పెట్టె

కూర్పుగది గారి వాదన బాగుంది, కాని అందులో ఒక ప్రమాదం ఉంది. ఆ లెక్కన ప్రతి ఉపకథకూ ఒక అర్థం ఉంటుంది కాబట్టి దేన్నీ వదలకూడదని తేలుతుంది. చార్లెస్ డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ను 1946లో డేవిడ్ లీన్ తెరకెక్కించిన తీరు చూస్తే, నిర్దాక్షిణ్యంగా వదిలేసి కూడా నవలకు నమ్మకంగా ఉండవచ్చని తెలుస్తుంది.

ఆ నవల 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు వరకు వారపత్రికలో ధారావాహికగా వచ్చింది. 59 అధ్యాయాలు. లీన్ సినిమా రెండు గంటలు కూడా లేదు. కమ్మరి కొట్టులో పనిచేసే ఆర్లిక్ అనే దుర్మార్గుడు సినిమాలో లేనే లేడు. కథానాయకుడు పిప్ అక్కను తలమీద కొట్టి మంచాన పడేసినవాడు, చివర్లో పిప్‌నే సున్నపుబట్టీ దగ్గర కట్టేసి చంపబోయినవాడు అతడే. అంత పెద్ద పాత్రను తీసేసినా, నవల చదివినవారికి ఆ లోటు చాలాసేపటి వరకు గుర్తుకే రాదు. ఎందుకంటే ఆ నవలకు ప్రాణం సంఘటనల్లో కన్నా, పెద్దవాడైన పిప్ తన చిన్ననాటి తప్పులను తానే సిగ్గుపడుతూ చెప్పుకునే గొంతులో ఉంది. లీన్ ఆ గొంతును వదల్లేదు. సినిమా పుస్తకం తెరుచుకోవడంతో, పిప్ స్వరం మొదటి వాక్యాలు చదవడంతో మొదలవుతుంది. తనను పెంచిన జో లండన్‌కు చూడవచ్చినప్పుడు, అతని మోటుతనానికి పిప్ సిగ్గుపడే దృశ్యంలో, పెద్దమనిషిని కాబోయి చివరికి గర్విష్ఠిని అయ్యానని ఆ స్వరమే ఒప్పుకుంటుంది. ఆ ఒక్క దృశ్యం ఉన్నంతవరకు ఆర్లిక్ లేకపోయినా నవల నిలబడుతుంది.

ముగింపును లీన్ మార్చాడన్నది నిజమే. నవలలో, పెళ్లి తప్పిపోయిన నాటి నుంచి చీకటి గదుల్లోనే బతికిన ముసలామె మిస్ హావిషామ్ ఇల్లు అప్పటికే పడగొట్టేశారు, మిగిలిన పాడుతోటలో పిప్, అతడు ప్రేమించిన ఆమె పెంపుడు కూతురు ఎస్టెల్లా కలుసుకుంటారు. సినిమాలో ఇల్లు అలాగే ఉంటుంది. ఎస్టెల్లా ఆ ముసలామె కుర్చీలోనే కూర్చుని, ఆమెలాగే వెలుగు చూడకుండా బతకడానికి సిద్ధపడుతుంది, పిప్ ఆ గది కిటికీ తెరలను పీకి పారేసి పగటి వెలుగును లోపలికి రానిస్తాడు. డికెన్స్ రాయని దృశ్యమే అయినా, డికెన్స్ వేసిన బొమ్మల్లోంచి పుట్టిన దృశ్యం. పైగా డికెన్స్ తన ముగింపును తానే మార్చుకున్నాడు. ఇద్దరూ లండన్ వీధిలో కాసేపు పలకరించుకుని విడిపోయేలా మొదట రాసి, మిత్రుడు బుల్వర్ లిట్టన్ సలహా మీద అచ్చుకు ముందే మార్చాడు. రచయితకే రెండు ముగింపులున్నచోట దర్శకుడు మూడోది వెదికితే తప్పేముంది?

లీన్ ఈ నవలను తెరకెక్కించడానికి పూనుకున్నది, 1939లో అలెక్ గిన్నిస్ తయారుచేసిన రంగస్థల రూపాన్ని చూసిన తరువాతే. నాటకంలో పిప్ మిత్రుడు హెర్బర్ట్ పాకెట్‌గా గిన్నిస్, మిస్ హావిషామ్‌గా మార్టిటా హంట్ నటించారు, సినిమాలోనూ వారే ఉన్నారు. అంటే నవలకూ సినిమాకూ మధ్య నాటకం ఒక జల్లెడలా పనిచేసిందన్నమాట. కుదింపు ఒక్కసారిగా కాక రెండు విడతల్లో జరిగినందువల్లే అంత నిదానంగా కుదిరిందేమోనని నా ఊహ.

సమాధానం – రీలు లెక్క

నిడివి ఎక్కువైతే సమస్య తీరుతుందనుకునేవారికి ఒక పాత కథ. ఫ్రాంక్ నారిస్ 1899లో రాసిన ‘మెక్‌టీగ్’ నవలను ఎరిక్ వాన్ స్ట్రోహైమ్ ‘గ్రీడ్’ పేరుతో తీశాడు. మొదటి కూర్పులో 42 రీళ్లు వచ్చాయి. తానే 24 రీళ్లకు తగ్గించాడు, ఒక మిత్రుడి చేత 18కి తగ్గింపించాడు. స్టూడియో చివరికి దాన్ని 10 రీళ్లకు తెచ్చి 1924లో విడుదల చేసింది. తీసేసిన రీళ్లు మళ్లీ దొరకలేదు. పోయినవాటిలో ఒక వృద్ధుడి, ఒక వృద్ధురాలి కథ ఉంది. పక్కపక్క గదుల్లో ఉంటూ, ఒకరితో ఒకరు మాట్లాడే ధైర్యం లేక, పలుచని గోడకు చెరో వైపు ఒకే వేళకు కూర్చునే ఆ ఇద్దరి కథ, డబ్బు కోసం కొరుక్కుతినే మెక్‌టీగ్ దంపతుల కథకు ఎదురుగా నారిస్ పెట్టిన అద్దం. ఆ అద్దం పగిలిపోవడంతో మిగిలింది ఒకే దారిలో దిగజారే కథ. అయినా ఆ మిగిలిన సినిమానే ఇప్పటికీ మూకీ యుగపు గొప్ప చిత్రాల్లో లెక్కిస్తారు. కాబట్టి నేను కూర్పుగది గారితోనూ, పాతచిత్రాల పెట్టె గారితోనూ ఏకీభవించవలసి వస్తోంది. అది ఇబ్బందిగానే ఉంది.

నిడివి దొరికిన అదృష్టవంతుడు సెర్గేయ్ బొందార్చుక్. టాల్‌స్టాయ్ ‘యుద్ధము – శాంతి’ని 1966, 67లలో నాలుగు భాగాలుగా, సుమారు ఏడు గంటల సినిమాగా విడుదల చేశాడు. సోవియట్ ప్రభుత్వమే వెనక నిలబడి సైనికులను ఇస్తే తప్ప అలాంటిది సాధ్యం కాదు కాబట్టి, దాన్ని కొలబద్దగా పెట్టుకోవడం వృథా.

సమాధానం – మధురవాణి వారసురాలు

ఇంతవరకు అందరూ ఏది వదలాలన్న లెక్కలోనే ఉన్నారు. నవలను వేరే దేశానికి, వేరే కాలానికి తెచ్చుకున్నప్పుడు ఈ ప్రశ్న మరింత తేటపడుతుందని నా అభిప్రాయం. అప్పుడు దేనినీ ఉన్నదున్నట్టు ఉంచలేం, ప్రతిదానికీ బదులు వెదకాలి.

మన తెలుగువాళ్లలో చాలామంది ‘ప్రియురాలు పిలిచింది’ పేరుతో చూసిన సినిమా, 2000లో రాజీవ్ మేనన్ తమిళంలో తీసిన ‘కండుకొండేన్ కండుకొండేన్’, జేన్ ఆస్టిన్ 1811లో ప్రచురించిన ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ ఆధారంగా అల్లినది. పాటలు, ఐశ్వర్యా రాయ్, మమ్ముట్టి గుర్తున్నంతగా ఈ సంగతి చాలామందికి గుర్తుండదు. ఆస్టిన్ నవలలో అక్కచెల్లెళ్ల కష్టాలకు మూలం ఆస్తి. పెద్దల ఏర్పాటు వల్ల ఇల్లు సవతి అన్న పరమవుతుంది. చనిపోతున్న తండ్రికి ఇచ్చిన మాట ప్రకారం చెల్లెళ్లకు మూడు వేల పౌండ్లు ఇద్దామని అతడు అనుకుంటాడు. అతని భార్య ఒక్క సంభాషణలో మెల్లమెల్లగా ఆ మొత్తాన్ని తగ్గిస్తూ చివరికి సున్నకు తెస్తుంది. ఆ రెండో అధ్యాయం చదివితే, మన ఇళ్లలో పెద్దాయన పోయిన పదో రోజున వరండాలో జరిగే మాటలు గుర్తుకురాక మానవు. సినిమాలోనూ తాత వీలునామా ప్రకారం ఆస్తి కొడుకుకు పోతుంది, తల్లీ కూతుళ్లు ఇల్లు విడిచి చెన్నై చేరతారు. ఇంగ్లండు వారసత్వపు చిక్కుకు బదులు వెదకనే అక్కరలేదు, అది మన దగ్గరే ఉంది.

నాకు ఇంకా నచ్చినది, చెల్లెలు మేరియన్ ప్రేమించిన విలోబీ పాత్రకు పెట్టిన బదులు. నవలలో అతడు అప్పుల్లో మునిగి, 50,000 పౌండ్ల ఆస్తి ఉన్న అమ్మాయిని పెళ్లాడడానికి మేరియన్‌ను వదిలేస్తాడు. సినిమాలో అతడు జనం దగ్గర డిపాజిట్లు పోగుచేసిన ఫైనాన్సు సంస్థ యజమాని. సంస్థ కుప్పకూలితే, గట్టెక్కించే మామ కోసం ప్రేమను వదులుకుంటాడు. 1990ల దక్షిణాదిలో ఫైనాన్సు కంపెనీల ముందు జనం బారులు తీరిన దృశ్యాలు చూసినవారికి ఆ పాత్రను విడిగా పరిచయం చేయనక్కరలేదు. చివరికి మేరియన్‌ను పెళ్లాడే కర్నల్ బ్రాండన్‌ను శ్రీలంకలో కాలు పోగొట్టుకున్న మేజరుగా మార్చడం కూడా అలాంటిదే. ఆస్టిన్ కథకురాలి సన్నని వెటకారం ఈ సినిమాలో లేదు, దాని లోటు ఉంది. అయినా మనుషులు ఎందుకు అలా ప్రవర్తించారో చెప్పే కారణాలు చెక్కుచెదరలేదు.

దీనికి యాభై ఏళ్ల ముందే, విక్టర్ హ్యూగో 1862 నాటి ‘లె మిజరాబ్ల్’ నవల శుద్ధానంద భారతి తమిళ అనువాదం మీదుగా ‘ఏళై పడుం పాడు’గా, తెలుగులో ‘బీదలపాట్లు’గా 1950లో వచ్చింది. చిత్తూరు నాగయ్య గారు కథానాయకుడు. ఆయన ముఖంలోని శాంతం ఆ దొంగ పాత్రకు ఎలా సరిపోతుందన్న అనుమానం మొదట నాకు ఉండేది. రొట్టె దొంగిలించి పంతొమ్మిదేళ్లు జైల్లో గడిపి, ఒక బిషప్పు దయతో మారిన మనిషికి ఆ ముఖమే కావాలని తరువాత అర్థమైంది. చట్టమే దైవమని నమ్మిన ఇన్‌స్పెక్టర్ జవేర్ పాత్రను వేసిన సీతారామన్ గారికి ఆ తరువాత జీవితమంతా ‘జావర్ సీతారామన్’ అనే పేరే నిలిచిపోయింది. ఫ్రెంచి నవలలోని పోలీసు పేరు ఒక తమిళ నటుడికి ఇంటిపేరైపోయిందంటే, ఆ పాత్ర ఇక్కడి ప్రేక్షకుడికి ఎంత దగ్గరగా వచ్చిందో ఊహించవచ్చు.

సాగరతీరం

అందరికీ కృతజ్ఞతలు. ‘పాతచిత్రాల పెట్టె’ గారి మాట మీద ఆలోచించాక నా సందేహం కొంత విడిపోయింది. పిప్ గొంతు ఉన్నంతవరకు ఆర్లిక్ లేకపోయినా ఫరవాలేదన్నారు. ‘వుదరింగ్ హైట్స్’ను చెబుతున్న గొంతు నెల్లీ డీన్‌ది. ఆమె పనిమనిషి, పైగా పూర్తిగా నమ్మదగిన మనిషి కాదు. కేథరిన్ మాటలను కిటికీ అవతల వింటున్న హీత్‌క్లిఫ్ లేచి వెళ్లిపోవడం చూసి కూడా, ఆ సంగతి ఆమెకు వెంటనే చెప్పనిది నెల్లీయే. వైలర్ సినిమాలో నెల్లీ ఉంది, కథ చెబుతుంది కూడా. కాని అక్కడ ఆమె మంచి మనిషి, అంతే. అంటే వదిలింది రెండో తరాన్ని మాత్రమే కాదు, ఆ గొంతులో ఉన్న గరకును కూడా అనిపిస్తోంది. ఈ మాట మా వాళ్ల ముందు పెడితే మళ్లీ రెండు వర్గాలవుతారని తెలుసు. అయితే వచ్చే నెల ఏది చూడమంటారు?

కూర్పుగది

ఒక చిన్న సవరణ. నవలలో హీత్‌క్లిఫ్ వింటున్నది కిటికీ అవతల కాదు, అదే గదిలో గోడపక్కన బల్ల మీద. ఎత్తైన వీపుచెక్క ఉన్న మరో బల్ల అడ్డుగా ఉన్నందువల్ల కేథరిన్‌కు కనిపించడు. అతడు చప్పుడు కాకుండా లేచి వెళ్లిపోవడం నెల్లీ చూస్తుంది. మీ వాదన మాత్రం అందువల్ల ఇంకా బలపడుతుంది.

రెండు సినిమాల పేర్లు చెబుతాను. 1992లో పీటర్ కాస్మిన్‌స్కీ తీసిన దానిలో రెండో తరం ఉంది. తల్లి కేథరిన్‌గా, కూతురు కేథరిన్‌గా జూలియెట్ బినోష్ ఒక్కతే నటించింది. రెండు తరాలనూ రెండు గంటల లోపే పట్టించవలసి వచ్చినందున అంతా పరుగుల మీద నడుస్తుంది, పాత్రలు ఊపిరి పీల్చుకునే చోటు ఉండదు. 2011లో ఆండ్రియా ఆర్నల్డ్ తీసిన దానిలో వైలర్‌లాగే రెండో తరం లేదు. కాని హీత్‌క్లిఫ్‌గా నల్లజాతి నటులను తీసుకుంది, మాటలు తగ్గించి గాలి, బురద, పక్షుల ఈకలు, జంతువుల కళేబరాలు చూపించింది, పిల్లల బాల్యానికి సినిమాలో సగం కేటాయించింది. మొదటిదాంట్లో నవల సంఘటనలు దొరుకుతాయి. రెండోదాంట్లో నవల వాతావరణం, ఆ పిల్లవాడు పడిన దెబ్బలు దొరుకుతాయి. ఒక్కటే చూసే వీలుంటే ఆర్నల్డ్‌ది చూడండి. మీ గ్రంథాలయంలో శబ్దం బాగా వినిపించే పరికరం ఉందో లేదో ముందు చూసుకోండి, అందులో గాలి చప్పుడు సరిగా వినిపించకపోతే సగం సినిమా పోతుంది.